కేన్స్‌లో మన సినిమా: ఎంపిక ఏది, మార్కెట్ షో ఏది, డబ్బు ఎవరిది?

మే నెల వచ్చిందంటే చాలు, ఫ్రాన్స్‌లో జరిగే కేన్స్ ఫిల్మ్ ఫెస్టివల్‌లో మన సినిమా అనే వార్తలు వరసపెట్టి వస్తాయి. ఒకరి సినిమాకి గ్రాండ్ ప్రీ వచ్చిందంటారు, ఇంకొకరి టీజర్ అక్కడ లాంచ్ అయిందంటారు, మూడో వార్తలో ఎవరో హీరోయిన్ గౌను ఫోటోలు పదిహేను ఉంటాయి. అన్నీ ఒకే ఊళ్లో ఒకే పన్నెండు రోజుల్లో జరుగుతాయి కాబట్టి చదివేవాళ్లకి అన్నీ ఒకటే అనిపించడంలో వింతేం లేదు, కానీ వాటి మధ్య తేడా చాలా పెద్దది.

క్లుప్తంగా: కేన్స్‌లో ఒక సినిమా తెరమీద పడటానికి చాలా దారులున్నాయి, కొన్ని ఎంపికైతేనే దొరికేవి, కొన్ని ఫీజు కట్టి తీసుకునేవి. 2024లో ఇండియన్ డైరెక్టర్ పాయల్ కపాడియా సినిమా ఆల్ వి ఇమాజిన్ యాజ్ లైట్‌కి వచ్చిన గ్రాండ్ ప్రీ (అక్కడ రెండో పెద్ద అవార్డు) మొదటి రకం. దాని వెనక ఏడేళ్ల ప్రయాణం ఉంది, ఆ ప్రయాణానికి డబ్బూ, మనుషుల్నీ ఇచ్చింది ఎక్కువగా యూరప్. అసలు ఇది ఇండియా సినిమానేనా అన్న గొడవ అక్కడినుంచే పుట్టింది. స్క్రిప్ట్ దశలోనే సాయం చేసే ఏర్పాటు ఇక్కడ గట్టిగా లేకపోతే మళ్లీ మళ్లీ అదే గొడవ వస్తుంది.

ఒకే ఊరు, వేరే వేరే గుమ్మాలు

ఫెస్టివల్ వాళ్లు స్వయంగా ఎంచుకునే సినిమాలన్నిటినీ కలిపి అఫీషియల్ సెలక్షన్ అంటారు. ఏటా రెండు వేలకి పైగా ఫీచర్ సినిమాలు వాళ్ల దగ్గరికి వస్తే అందులోంచి మెయిన్ కాంపిటీషన్‌కి వెళ్లేవి ఇరవై, ఇరవై రెండు, అంతే. పామ్ డోర్ అనే టాప్ అవార్డు ఇచ్చేది ఈ ఇరవైలోనే. పక్కనే అన్ సెర్టెన్ రిగార్డ్ అని ఇంకో విభాగం, కొత్త డైరెక్టర్లకీ కొంచెం తేడాగా తీసినవాళ్లకీ. పోటీలో లేకుండా చూపించే పెద్ద సినిమాలు, పాత సినిమాలు బాగుచేసి వేసే కేన్స్ క్లాసిక్స్, ఫిల్మ్ స్కూల్ స్టూడెంట్ల కోసం లా సినెఫ్, ఇవన్నీ కూడా అఫీషియల్ సెలక్షన్ కిందకే వస్తాయి.

దీనికి సంబంధం లేకుండా, అదే టైంలో అదే ఊళ్లో ఇంకో మూడు ప్రోగ్రాంలు నడుస్తాయి. 1968 మేలో ఫ్రాన్స్ అంతా సమ్మెలు జరుగుతుంటే ఫెస్టివల్ మధ్యలోనే ఆగిపోయింది, ఆ మరుసటి ఏడు డైరెక్టర్ల సంఘం సొంతంగా పెట్టుకున్నదే డైరెక్టర్స్ ఫోర్ట్‌నైట్. దానికన్నా ముందే, 1962 నుంచి క్రిటిక్స్ వీక్ ఉంది, అందులో మొదటి సినిమా, రెండో సినిమా తీసినవాళ్లకే చోటు. మూడోది ఏసిడ్, ఇండిపెండెంట్ ఫిల్మ్‌మేకర్ల సంస్థది. వీటికి ఎంపికవ్వడం కూడా చిన్న విషయం కాదు, ఎందుకంటే ఇక్కడా చూసి, వడపోసి తీసుకుంటారు.

ఇక మార్కెట్. మార్షే డు ఫిల్మ్ అని 1959 నుంచి నడుస్తున్న సినిమా సంత ఇది, ఈమధ్య ఏటా 15 వేల మంది దాకా కొనేవాళ్లూ అమ్మేవాళ్లూ వస్తున్నారు. ఇక్కడ బ్యాడ్జ్ తీసుకుని, థియేటర్ స్లాట్‌కి డబ్బు కడితే సినిమా వేసుకోవచ్చు, బాగుందా లేదా అని ఎవరూ అడగరు, ఎందుకంటే అది కొనేవాళ్లకి సరుకు చూపించుకునే చోటు. 2024లో కన్నప్ప టీజర్‌ని కేన్స్‌లో చూపించింది ఇలా టీమ్ సొంతంగా పెట్టుకున్న కార్యక్రమంలోనే, ఫెస్టివల్ ఎంపికతో దానికి సంబంధం లేదు. ఇందులో మోసం ఏమీ లేదు, పబ్లిసిటీ అన్నాక ఎవరి లెక్క వాళ్లకుంటుంది. చిక్కంతా ఆ వార్త ఇక్కడికి చేరేలోపే మార్కెట్ అనే మాట ఎక్కడో జారిపోవడంతోనే.

రెడ్ కార్పెట్‌ది మళ్లీ వేరే కథ. సాయంత్రం గాలా షో చూడ్డానికి వచ్చే వాళ్లంతా ఆ మెట్లమీదుగానే లోపలికెళ్లాలి, ఫెస్టివల్ స్పాన్సర్ కంపెనీలు తమ బ్రాండ్ అంబాసిడర్లని కూడా అక్కడికి తెస్తాయి. 2002లో దేవదాస్ పోటీ బయట విభాగంలో పడినప్పుడు ఐశ్వర్యా రాయ్ సినిమాతో పాటు వెళ్లారు, తర్వాతి ఏళ్లలో ఎక్కువసార్లు లోరియల్ తరఫున వెళ్లారు. ఫోటోలో మాత్రం ఆ తేడా కనపడదు.

అందుకని వార్త చదివేటప్పుడు చూడాల్సింది ఒక్కటే, సినిమా ఏ విభాగంలో పడింది. విభాగం పేరు లేకుండా ఊరికే కేన్స్‌లో ప్రీమియర్ అని రాసి ఉంటే అది మార్కెట్ షో అవడానికే ఎక్కువ అవకాశం.

1946 నుంచి 1994, ఆ తర్వాత ముప్పై ఏళ్లు

ఇండియాకి కేన్స్ కొత్తేం కాదు. అసలు ఫెస్టివల్ మొదటిసారి జరిగిన 1946లోనే చేతన్ ఆనంద్ తీసిన నీచా నగర్ టాప్ ప్రైజ్ పంచుకున్న సినిమాల్లో ఒకటి. ఇక్కడో చిన్న గందరగోళం ఉంది: అప్పట్లో టాప్ ప్రైజ్ పేరే గ్రాండ్ ప్రీ, పామ్ డోర్ 1955లో వచ్చింది, ఇప్పుడు గ్రాండ్ ప్రీ అంటే రెండో స్థానం. 1946దీ 2024దీ పేరు ఒకటే గానీ హోదా ఒకటి కాదు.

1956లో పథేర్ పాంచాలికి ప్రత్యేక బహుమతి, 1983లో మృణాల్ సేన్ ఖరీజ్‌కి జ్యూరీ ప్రైజ్, 1988లో మీరా నాయర్ సలాం బాంబేకి, 1999లో మురళీ నాయర్ మరణ సింహాసనానికి తొలి సినిమాకిచ్చే కెమెరా డోర్ వచ్చాయి. మెయిన్ కాంపిటీషన్‌లో మాత్రం 1994లో షాజీ కరుణ్ స్వహం తర్వాత ముప్పై ఏళ్లు ఒక్క ఇండియన్ సినిమా కూడా లేదు. అంటే మంచి సినిమాలు రాలేదని కాదు, లంచ్‌బాక్స్ 2013లో క్రిటిక్స్ వీక్‌లో పడింది, 2014లో తిత్లీ, 2015లో మసాన్ అన్ సెర్టెన్ రిగార్డ్‌కి వెళ్లాయి, మసాన్‌కి అవార్డులు కూడా వచ్చాయి. 2022లో షౌనక్ సేన్ డాక్యుమెంటరీ ఆల్ దట్ బ్రీత్స్‌కి, కేన్స్‌లో డాక్యుమెంటరీలకిచ్చే గోల్డెన్ ఐ వచ్చింది.

మరి పెద్ద పోటీలో ఎందుకు లేరు? ఒక్క కారణం చెప్పి వదిలేస్తే తప్పవుతుంది. ఎనభైల్లో ఎన్‌ఎఫ్‌డీసీ, దూరదర్శన్ లాంటి ప్రభుత్వ సంస్థలు ఆర్ట్ సినిమాకి డబ్బు పెట్టేవి, సలాం బాంబేలో కూడా ఎన్‌ఎఫ్‌డీసీ డబ్బుంది. తొంభైల్లో శాటిలైట్ టీవీ వచ్చి ఆ ఏర్పాటు పలచబడింది. సరిగ్గా అదే టైంలో అవతలి వైపు ఫెస్టివల్ సినిమా అంటే అయిదారు దేశాల డబ్బు కలిసిన కో-ప్రొడక్షన్, దాన్ని ప్రపంచమంతా అమ్మిపెట్టే సేల్స్ ఏజెంట్ అనే పద్ధతి బలపడింది. ఇక్కడి నిర్మాతలకి దేశంలోనే పెద్ద మార్కెట్ ఉన్నప్పుడు ఆ తలనొప్పి ఎందుకు పెట్టుకుంటారు, పెట్టుకోలేదు.

ఏడేళ్ల మెట్లు

పాయల్ కపాడియా ఉదాహరణ చూస్తే ఈ మెషిన్ ఎలా పనిచేస్తుందో తెలుస్తుంది. ఆవిడ పుణే ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ స్టూడెంట్, 2015లో చైర్మన్ నియామకానికి వ్యతిరేకంగా 139 రోజులు జరిగిన సమ్మెలో ఉన్న బ్యాచ్. 2017లో ఆవిడ స్టూడెంట్ షార్ట్ ఫిల్మ్ ఆఫ్టర్‌నూన్ క్లౌడ్స్ కేన్స్ స్టూడెంట్ విభాగానికి ఎంపికైంది. ఆ తర్వాత ప్యారిస్‌లో కేన్స్ వాళ్లే నడిపే రెసిడెన్సీలో చోటు దొరికింది, కొన్ని నెలలు అక్కడే ఉండి స్క్రిప్ట్ రాసుకోవడం, నిర్మాతల్ని కలవడం, అదీ దాని పని. 2021లో డాక్యుమెంటరీ ఎ నైట్ ఆఫ్ నోయింగ్ నథింగ్ డైరెక్టర్స్ ఫోర్ట్‌నైట్‌లో పడి గోల్డెన్ ఐ తెచ్చుకుంది. 2024లో ఆల్ వి ఇమాజిన్ యాజ్ లైట్ మెయిన్ కాంపిటీషన్‌కి వెళ్లి గ్రాండ్ ప్రీ తెచ్చింది. 2025లో ఆవిడే మెయిన్ జ్యూరీలో సభ్యురాలు.

సినిమాకి డబ్బు కూడా ఇలా ముక్కలు ముక్కలుగానే వచ్చింది. ముఖ్య నిర్మాత పెతీ కావోస్ అనే ఫ్రెంచ్ కంపెనీ, ఇండియా నుంచి చాక్ అండ్ చీజ్, అనదర్ బర్త్, ఇంకా నెదర్లాండ్స్, లగ్జెంబర్గ్ భాగస్వాములు. రాటర్‌డామ్ ఫెస్టివల్‌కి చెందిన హ్యూబర్ట్ బాల్స్ ఫండ్ స్క్రిప్ట్ దశలోనే సాయం చేసింది. ముంబైలో పనిచేసే మలయాళీ నర్సుల కథ, షూటింగ్ ముంబై, రత్నగిరిలో, భాషలు మలయాళం, హిందీ, మరాఠీ.

ఫ్రాన్స్ ఎందుకు వేరే దేశం సినిమాకి డబ్బిస్తుంది అన్నది చాలామందికి అర్థంకాని సంగతి. అక్కడ అమ్ముడయ్యే ప్రతి సినిమా టికెట్ మీద 10.72 శాతం పన్ను సీఎన్‌సీ అనే ప్రభుత్వ సినిమా సంస్థకి వెళ్తుంది, హాలీవుడ్ సినిమా టికెట్ అయినా సరే. టీవీ చానళ్లూ, స్ట్రీమింగ్ కంపెనీలూ కూడా కడతాయి. ఆ డబ్బులో ఒక చిన్న భాగం 2012 నుంచి ప్రపంచ సినిమా సాయం అనే పథకానికి పెట్టారు, ఆ సాయం కావాలంటే ఫ్రెంచ్ కో-ప్రొడ్యూసర్ ఉండాలి, కొంత ఖర్చు ఫ్రాన్స్‌లోనే పెట్టాలి, అంటే ఎడిటింగ్, సౌండ్, కలర్ పనులు చాలావరకు అక్కడే జరుగుతాయి. వాళ్ల టెక్నీషియన్లకి పని, వాళ్ల థియేటర్లకి సినిమా, వాళ్ల దేశానికి పేరు. దానధర్మం కాదు, ఇండస్ట్రీ పాలసీ.

ఇంకో లాభం కంటికి కనపడనిది. ఫ్రెంచ్ నిర్మాతకి సేల్స్ ఏజెంట్లు తెలుసు, సేల్స్ ఏజెంట్లకి ఏ సినిమా ఏ ఫెస్టివల్‌కి ఏ నెలలో చూపించాలో తెలుసు. రెండు వేల సినిమాల కుప్పలో సెలక్షన్ వాళ్లు ముందుగా దేన్ని శ్రద్ధగా చూస్తారన్నది ఈ పరిచయాల మీద కొంతైనా ఆధారపడుతుంది. అలాగని ఫ్రాన్స్ డబ్బుంది కాబట్టే అవార్డిచ్చారనుకుంటే పొరపాటే. ఎంపికయ్యాక అవార్డులు నిర్ణయించేది వేరే జ్యూరీ, 2024లో దాని అధ్యక్షురాలు అమెరికన్ డైరెక్టర్ గ్రెటా గెర్విగ్, పామ్ డోర్ వెళ్లింది అమెరికన్ సినిమా అనోరాకి.

ఇంతకీ ఇది ఎవరి సినిమా?

గ్రాండ్ ప్రీ వచ్చాక అభినందనలు బాగానే వచ్చాయి, నాలుగు నెలలకి ఆస్కార్ ఎంట్రీ దగ్గర అసలు పేచీ మొదలైంది. ఫిల్మ్ ఫెడరేషన్ ఆఫ్ ఇండియా కమిటీ లాపతా లేడీస్‌ని ఎంచుకుంది, పాయల్ సినిమా ఇండియాలో జరిగే యూరప్ సినిమా చూస్తున్నట్టు అనిపించిందని జ్యూరీ అభిప్రాయంగా ఫెడరేషన్ అధ్యక్షుడు బయటికి చెప్పారు. 13 మంది కమిటీలో ఒక్క మహిళ కూడా లేకపోవడం మీద కూడా విమర్శలొచ్చాయి. విచిత్రం ఏంటంటే అదే సినిమా ఫ్రాన్స్ తన ఎంట్రీ కోసం వేసుకున్న షార్ట్‌లిస్ట్‌లో ఉంది, చివరికి వాళ్లూ వేరే సినిమానే పంపారు. ఇటు కాకుండా అటూ కాకుండా పోయింది, గోల్డెన్ గ్లోబ్స్‌లో మాత్రం పాయల్‌కి బెస్ట్ డైరెక్టర్ నామినేషన్ వచ్చింది.

అదే ఏడాది ఇంకో రెండు సినిమాలు ఈ ప్రశ్నని ఇంకా చిక్కు చేశాయి. ది షేమ్‌లెస్‌లో నటించిన కోల్‌కతా అమ్మాయి అనసూయా సేన్‌గుప్తాకి అన్ సెర్టెన్ రిగార్డ్‌లో బెస్ట్ యాక్ట్రెస్ వచ్చింది, ఆ డైరెక్టర్ బల్గేరియా మనిషి. సంధ్యా సూరి తీసిన సంతోష్ హిందీ సినిమా, ఉత్తరాది పోలీసుల కథ, అయినా బ్రిటన్ దాన్ని తన ఆస్కార్ ఎంట్రీగా పంపింది, ఇండియాలో సెన్సార్ దగ్గర ఆగి థియేటర్లకి రాలేదు.

ఇరాన్‌తో పోలిస్తే ఈ తికమక మామూలే అనిపిస్తుంది. మొహమ్మద్ రసూలోఫ్ 2024లో దేశం నుంచి తప్పించుకుని కేన్స్‌కి వచ్చారు, ఆయన సినిమాని ఆస్కార్‌కి పంపింది జర్మనీ. 2025లో పామ్ డోర్ గెలిచిన జాఫర్ పనాహీ సినిమాని పంపింది ఫ్రాన్స్. ఫెస్టివల్ లెక్కలో దేశం అంటే డబ్బు పెట్టిన కంపెనీలు ఎక్కడివి అన్నది, ప్రేక్షకుడి లెక్కలో కథ, భాష, మనుషులు. రెండు లెక్కలూ ఒకేచోట కలిస్తే అదృష్టం.

కొరియా ఏం చేసింది

సొంత డబ్బుతో సొంత జెండా మీద వెళ్లాలంటే ఏం కావాలో దక్షిణ కొరియా చూపించింది. 1996లో బూసాన్ ఫెస్టివల్, 1999లో కోఫిక్ అనే ఫిల్మ్ కౌన్సిల్. 2007 నుంచి టికెట్ మీద 3 శాతం వసూలు చేసి ఆ డబ్బుతో చిన్న సినిమాలకి, స్క్రిప్టులకి, సబ్‌టైటిళ్లకి, విదేశీ ప్రచారానికి సాయం. 2002లో ఇమ్ క్వాన్ తేక్‌కి కేన్స్‌లో బెస్ట్ డైరెక్టర్, 2004లో ఓల్డ్ బాయ్‌కి గ్రాండ్ ప్రీ, 2019లో పారసైట్‌కి పామ్ డోర్. పునాది వేసినప్పటినుంచి పామ్ డోర్ దాకా ఇరవై ఏళ్లు పట్టింది.

కానీ ఈ కథని ఊరికే పొగుడుకుంటూ పోవడం కూడా కుదరదు, 2025లో కేన్స్ అఫీషియల్ సెలక్షన్‌లో కొరియన్ ఫీచర్ ఒక్కటీ లేకపోవడం అక్కడ పెద్ద చర్చ అయింది. కోవిడ్ తర్వాత థియేటర్లు పడిపోయి, పెట్టుబడి స్ట్రీమింగ్ సిరీస్‌ల వైపు వెళ్లిపోతే కౌన్సిల్ ఉన్నా సినిమాలు తగ్గుతాయి. ఆ ఏడాదే లా సినెఫ్ మొదటి బహుమతి కొరియా స్టూడెంట్‌కి రావడం మాత్రం కింద వేర్లు ఇంకా ఉన్నాయని చెప్తోంది.

తెలుగు ఎక్కడ?

తెలుగులో తీసిన సినిమాలకి ఫెస్టివల్ చరిత్ర లేకపోలేదు. మృణాల్ సేన్ తెలుగులో తీసిన ఒక ఊరి కథ 1978లో అప్పటి చెకోస్లోవేకియాలోని కార్లోవీ వారీ ఫెస్టివల్‌లో ప్రత్యేక జ్యూరీ బహుమతి తెచ్చుకుంది, శంకరాభరణానికి ఫ్రాన్స్‌లోనే బెజాన్సాన్ ఫెస్టివల్‌లో ప్రేక్షకుల బహుమతి వచ్చింది. ఈమధ్య కేరాఫ్ కంచరపాలెం న్యూయార్క్ ఇండియన్ ఫిల్మ్ ఫెస్టివల్‌కి వెళ్లింది. కేన్స్ మెయిన్ కాంపిటీషన్ అంటే మాత్రం చప్పుడు లేదు.

దీనికి టాలెంట్ లేదు, టేస్ట్ లేదు అని తేల్చేయడం తేలిక, అసలు అడ్డం పడేది వ్యాపారం నడిచే పద్ధతి. కాంపిటీషన్‌కి వెళ్లాలంటే సినిమా అంతకుముందు వేరే దేశంలో రిలీజ్ అయ్యుండకూడదు, ఇంటర్నెట్‌లో ఉండకూడదు, తీసి ఏడాది దాటకూడదు. తెలుగు సినిమా రిలీజ్ అంటేనే అమెరికా ప్రీమియర్లతో కలిపి ఒకే రోజు, ఓటీటీకి నాలుగైదు వారాల్లో వచ్చేస్తుంది. ఫైనాన్స్ వడ్డీ నెలనెలా పెరుగుతుంటే పూర్తయిన సినిమాని ఫెస్టివల్ జవాబు కోసం ఆర్నెల్లు అటకమీద పెట్టే నిర్మాత ఎవరుంటారు? మేలో కేన్స్‌లో పడిన పాయల్ సినిమా ఇండియా అంతటా రిలీజ్ అయ్యేసరికి నవంబర్ వచ్చింది, ఆ పద్ధతికి ఆ గ్యాప్ మామూలే, ఇక్కడి పద్ధతికి అది నష్టం.

ఆర్ఆర్ఆర్‌ని ఇక్కడ తెచ్చి కలిపేవాళ్లుంటారు గానీ అది వేరే రూటు. ఫెస్టివల్ ఎంపికతో పైకొచ్చింది కాదు, అమెరికా థియేటర్లలో జనం ఎగబడి చూడటం, రీ-రిలీజ్‌లు, తర్వాత నెలలపాటు నడిచిన ప్రచారం, అలా నాటు నాటు 2023లో ఆస్కార్ దాకా వెళ్లింది.

కేరళతో పోలిస్తే ఇంకో తేడా బయటపడుతుంది. అక్కడ 1965లో ఆదూర్ గోపాలకృష్ణన్, మిత్రులు మొదలుపెట్టిన ఫిల్మ్ సొసైటీ ఉద్యమం ఉంది, 1996 నుంచి ప్రభుత్వమే నడిపే ఫెస్టివల్ ఉంది, మహిళా డైరెక్టర్లకి ప్రభుత్వ సంస్థ ద్వారా నిధులున్నాయి. పాయల్ సినిమాలో ముఖ్య పాత్రలు వేసిన కని కుశ్రుతి, దివ్యప్రభ అలాంటి వాతావరణం నుంచి వచ్చినవాళ్లే. తెలుగు రాష్ట్రాల్లో ప్రభుత్వ దృష్టి ఎక్కువగా స్టూడియో స్థలాలు, టికెట్ రేట్లు, అవార్డుల చుట్టూ తిరిగింది, స్క్రిప్ట్ దశలో చిన్న సినిమాకి సాయం అన్న ఆలోచన గట్టిగా నిలబడలేదు.

అయినా తెలుగు చెయ్యి ఈ కథలో లేకపోలేదు. ఆల్ వి ఇమాజిన్ యాజ్ లైట్‌ని ఇండియాలో రిలీజ్ చేసింది రానా దగ్గుబాటి స్పిరిట్ మీడియా, కంచరపాలెంని సమర్పించింది కూడా ఆయనే. తీయడంలో కాకపోయినా, తీసినదాన్ని థియేటర్ దాకా తేవడంలో ఇక్కడి డిస్ట్రిబ్యూషన్ అనుభవం పనికొస్తుందని దీంతో తేలింది.

ముందు ఏం మారొచ్చు

కేంద్రం చేసిన పెద్ద మార్పు ఇన్సెంటివ్. 2022లో ఇండియా కేన్స్ మార్కెట్‌కి గౌరవ దేశంగా ఉన్నప్పుడు కో-ప్రొడక్షన్లకి ఇండియాలో పెట్టే ఖర్చులో 30 శాతం, గరిష్ఠంగా 2 కోట్లు వెనక్కిస్తామన్నారు, 2023 నవంబర్‌లో దాన్ని 40 శాతానికి, 30 కోట్లకి పెంచారు. పాయల్ సినిమాకి కూడా 30 శాతం లెక్కన ప్రాథమిక ఆమోదం ఇచ్చామని సమాచార ప్రసార శాఖ చెప్పింది. ఫ్రాన్స్‌తో 1985 నుంచే కో-ప్రొడక్షన్ ఒప్పందం ఉంది కాబట్టి కాగితాల దారి కొత్తగా వేయాల్సింది లేదు.

అయితే ఇది ఖర్చు పెట్టాక వచ్చే డబ్బు. కోత అయ్యాక చేతికొచ్చే సబ్సిడీతో విత్తనాలు కొనలేనట్టే, స్క్రిప్ట్ రాసుకునే రెండేళ్లకి దీంతో ఉపయోగం లేదు. ఎక్కువ లాభపడేది ఇండియాలో షూటింగ్ చేసుకునే పెద్ద విదేశీ ప్రాజెక్టులూ, ముందే డబ్బున్న కంపెనీలూ. పాయల్‌కి నిజంగా దారి వేసినవి రెసిడెన్సీ, స్క్రిప్ట్ ఫండ్, అంటే చిన్న మొత్తాలు, తొందరగా వచ్చేవి. ఎన్‌ఎఫ్‌డీసీ 2007 నుంచి గోవాలో నడిపే ఫిల్మ్ బజార్‌లో రైటర్ల ల్యాబ్, సగం అయిన సినిమాల ల్యాబ్ ఉన్నాయి, లంచ్‌బాక్స్, తిత్లీ ఆ ల్యాబ్ నుంచే వెళ్లాయి. తక్కువ ఖర్చుతో ఎక్కువ ఫలితం ఇచ్చింది ఇదే, పెంచాల్సింది కూడా బహుశా ఇదే.

ఇంకో దారి కూడా తెరుచుకుంటోంది. 2025లో అన్ సెర్టెన్ రిగార్డ్‌కి వెళ్లిన నీరజ్ ఘేవాన్ హోమ్‌బౌండ్ వెనక ధర్మా ప్రొడక్షన్స్ ఉంది, ఎగ్జిక్యూటివ్ ప్రొడ్యూసర్‌గా హాలీవుడ్ డైరెక్టర్ మార్టిన్ స్కోర్సెసీ చేరారు, ఇండియా తన ఆస్కార్ ఎంట్రీగా దాన్నే పంపింది. పెద్ద బాలీవుడ్ బ్యానర్ ఫెస్టివల్ సినిమాకి డబ్బు పెడితే ఎవరి సినిమా అన్న గొడవ పుట్టదు. కానీ ఆ బ్యానర్‌కి అది ఏడాదికి ఒక్క ప్రతిష్ఠ ప్రాజెక్ట్, అందులో చోటు ఆల్రెడీ పేరున్న డైరెక్టర్‌కే దొరుకుతుంది.

కొత్తవాళ్ల సంగతి మాత్రం ఇంకా ఫిల్మ్ స్కూల్ దగ్గరే ఆగి ఉంది. 2024లో లా సినెఫ్ మొదటి బహుమతి 15 వేల యూరోలు గెలిచిన చిదానంద నాయక్, మైసూరు డాక్టర్, పుణే ఇన్‌స్టిట్యూట్‌లో ఏడాది టీవీ కోర్సులో నాలుగు రోజుల్లో తీసిన కన్నడ జానపద కథతో గెలిచారు. 2020లో అదే బహుమతి అదే ఇన్‌స్టిట్యూట్ నుంచి అశ్మితా గుహా నియోగికి వచ్చింది. వీళ్ల మొదటి ఫీచర్లకి నిర్మాత పుణే, బెంగళూరు, హైదరాబాద్‌లో దొరుకుతాడా, లేక మళ్లీ ప్యారిస్ రెసిడెన్సీకి అప్లికేషన్ పెట్టుకోవాలా అన్నదాన్ని బట్టే రాబోయే సినిమాల మీద ఏ దేశం పేరు పడుతుందో తేలుతుంది.